బీఐ, అనలిటిక్స్: బరంపురం కొట్లలో వినిపించే అపోహలు

బరంపురంలో బట్టల కొట్లకూ హోల్‌సేల్ వాళ్లకూ లెక్కల రిపోర్టులు చేసిపెట్టడం నా పని. అక్కడ తరచూ వినే మాటలివి.

అపోహ: బిజినెస్ ఇంటెలిజెన్స్ (బీఐ), బిజినెస్ అనలిటిక్స్ రెండూ ఒకటే. రెండో పేరు చెబితే ఎక్కువ బిల్లు వేయొచ్చు.

బిల్లు సంగతి కొంత నిజమే. పని మాత్రం వేరు. ఏ చీరలు ఎన్ని పోయాయి, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉందో బీఐ చూపిస్తుంది. ఎందుకలా జరిగింది, ఇకముందు ఏం జరగొచ్చు, ఏం చేస్తే మేలు అనేవి అనలిటిక్స్ ప్రశ్నలు.

బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రనే తీసుకోండి. రెండేళ్లకోసారి వస్తుంది. 2023లో జరిగింది, మళ్లీ 2025లో. 2024 ఏప్రిల్ అమ్మకాలను అంతకుముందు ఏప్రిల్ పక్కన పెడితే డ్యాష్‌బోర్డులో, అంటే లెక్కలను బొమ్మలుగా చూపే తెర మీద, ఎర్ర బాణం కిందికి చూపించినా ఆశ్చర్యం లేదు. షావుకారుకు టెన్షన్. బాణం అబద్ధమాడలేదు, బీఐ తన పని తను చేసింది. ఆ తగ్గుదలలో యాత్ర లేకపోవడం వాటా ఎంత, నిజంగా గిరాకీ పడిపోయింది ఎంత అని విడదీయడం అనలిటిక్స్. యాత్ర లేని ఏడాదిని అలాంటి ఏడాదితోనే పోల్చాలి. ఎక్సెల్‌లో అంచనా వేసే ఫోర్‌కాస్ట్ బటన్ నొక్కగానే ఇది తేలదు. రెండేళ్ల చక్రం దానికి అందాలంటే కనీసం రెండు చక్రాల, అంటే నాలుగేళ్ల లెక్కలు కావాలి. మధ్యలో కోవిడ్ ఏడాదులు పడితే మరీ చిక్కు.

అపోహ: బీఐ అంటే గతం, అనలిటిక్స్ అంటే భవిష్యత్తు.

సగమే నిజం. పైన చెప్పిన విడదీత కూడా గతం గురించే కదా! కొన్ని కంపెనీలు రెండు పనులనూ ఒకే ఉద్యోగంలో కలిపేస్తాయి, కాబట్టి ప్రకటనలో హోదా కన్నా చేయాల్సిన పని చదవండి.

అపోహ: ఇదంతా కొత్త ఫ్యాషన్.

ఐబీఎం పరిశోధకుడు హాన్స్ పీటర్ లూన్ 1958లోనే బిజినెస్ ఇంటెలిజెన్స్ వ్యవస్థ గురించి వ్యాసం రాశాడు.

అపోహ: పవర్ బీఐ అనే రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పెట్టిస్తే చాలు. లేదా, రిపోర్టులు వదిలేసి నేరుగా అంచనాలకు పోవచ్చు.

ముందు మీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ తెరిచి చూడండి. ఒకే సరుకును ఒకరు తువ్వాలు అని, ఇంకొకరు గాముఛా అని, మరొకరు పాత ధర తగిలించి ఎక్కించి ఉంటారు. కంప్యూటర్‌కు అవి మూడు ఐటమ్‌లు. అంచనా వేసే ఏ మోడల్ అయినా మూడు తప్పుడు అంచనాలే ఇస్తుంది. ఐటమ్ పేర్లు సరిచేసే పనికి రేటు విడిగా మాట్లాడుకోండి. మోడల్ కన్నా దానికే ఎక్కువ రోజులు పడతాయి.