భుజం మీద నిద్ర, మంచం మీద ఏడుపు

"మా పాపకి ఐదో నెల. భుజాన వేసుకుని తిప్పితే పది నిమిషాల్లో పడుకుంటుంది, మంచం మీద దించగానే కళ్ళు తెరుస్తుంది. రాత్రంతా గంటకోసారి ఇదే తంతు. మా అత్తగారు దిష్టి అంటున్నారు, మా అమ్మేమో పాలు చాలట్లేదంటోంది, డాక్టరుగారు బరువు చూసి భయమేం లేదన్నారు. మరి ఎందుకు లేస్తోంది?" అని ఒక పాఠకురాలు అడిగారు.

దిష్టి సంగతి ముందు తేల్చేద్దాం. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేస్తే, ఆ పొగ పాప ముక్కుకి తగలనంతవరకు, పోయేదేం లేదు. పసిపిల్లల ఏడుపు పుట్టిన ఆరో వారం ప్రాంతంలో బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. ఆ రోజుల్లో తాయెత్తు కట్టినా, మంచం దిక్కు మార్చినా, చివరికి ఏది చేశామో దానికే పేరొస్తుంది. అయితే వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించే అలవాటుంటే మాత్రం ఈరోజే మానేయండి. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోను గురించీ, పగలూ రాత్రీ తేడా తెలియడం గురించీ అందరూ రాస్తూనే ఉంటారు, అది వదిలేస్తున్నాను. నన్ను పట్టుకుని వదలనిది మీ ప్రశ్నలోని ఆ "దించగానే" అన్న ముక్క.

జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో కుమి కురోడా బృందం సరిగ్గా దీన్నే కొలిచింది. 2022లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చింది. ఏడు నెలల లోపు పిల్లలు 21 మంది, వాళ్ళ తల్లులు. పిల్లల ఒంటికి ఈసీజీ తీగలు పెట్టి, తల్లి ఎత్తుకుని నడిచినప్పుడు, ఎత్తుకుని కూర్చున్నప్పుడు, ఉయ్యాల మంచంలో వేసినప్పుడు గుండె ఎలా కొట్టుకుంటోందో ఒక్కొక్క స్పందన లెక్కన చూశారు. ఏడుస్తున్న పిల్లల్ని ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడిస్తే అందరూ ఏడుపు ఆపారు, దాదాపు సగం మంది నిద్రలోకే వెళ్ళిపోయారు. అదే ఎత్తుకుని ఒకచోట కూర్చుంటే ఆ ఫలితం రాలేదు. "ఎత్తుకునే ఉన్నా కదమ్మా, ఇంకా ఏంటి" అని మనం విసుక్కునేది అక్కడే. ఏడుస్తున్న పిల్లకి ఒడి ఒక్కటే చాలదు, కదలిక కూడా కావాలి.

ఇక దించడం. మంచం మీద పెట్టాక మూడో వంతుకి పైగా పిల్లలు 20 సెకన్లలో మేలుకున్నారు. మనమంతా వీపుకి చల్లటి దుప్పటి తగలడం వల్ల లేస్తారనుకుంటాం, దుప్పటి వెచ్చబెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. గుండె లెక్కల్లో కనిపించింది వేరు. వీపు పరుపుకి తగలకముందే, తల్లి ఒంటి నుంచి బిడ్డ ఒళ్ళు విడివడడం మొదలైనప్పుడే గుండె వేగం పెరుగుతోంది. అంటే పక్క ఎంత మెత్తగా వేసినా లాభం లేదు, అప్పటికే పాపకి తెలిసిపోయింది! మరి లేవకుండా ఉన్నవాళ్ళలో ఏం తేడా? దించేముందు వాళ్ళు సుమారు ఎనిమిది నిమిషాల పాటు నిద్రలో ఉన్నారు. నిద్రలోని మొదటి పల్చటి దశ దాటేశారన్నమాట. అందుకని ఆ బృందం చెప్పింది ఇది: ఐదు నిమిషాలు నడవండి, పడుకున్నాక ఎత్తుకునే ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోండి, అప్పుడు దించండి. మనం చేసేది దీనికి తిరగేసి. ఏడుస్తున్నప్పుడు కూర్చుని జోకొడతాం, కన్ను మూయగానే దించేస్తాం.

ఈ కథ ఎలకల దగ్గర మొదలైంది. 2013లో కురోడా బృందమే చూపించింది: తల్లి ఎలక పిల్లని మెడ వెనక చర్మం పట్టి ఎత్తగానే అది కాళ్ళు ముడుచుకుని కదలకుండా అయిపోతుంది, మన చెవికి అందని దాని కూతలు ఆగిపోతాయి, గుండె నెమ్మదిస్తుంది. పిల్లి నోట కరుచుకెళ్ళే కూన కూడా ఇలాగే వేలాడుతుంది కదా. ఇందులో రెండు దారులున్నాయి. మెడ దగ్గర స్పర్శ, తన ఒళ్ళు గాల్లో కదులుతోందన్న కండరాల సమాచారం, రెండూ మెదడుకి వెళ్ళాలి. వీటిలో ఏది అడ్డుకున్నా పిల్ల ముడుచుకోకుండా కాళ్ళు కొట్టుకుంటుంది, తల్లికి మోసుకెళ్ళడం కష్టమవుతుంది. కాళ్ళు ముడవడానికి మెదడు వెనక భాగంలో ఉండే అనుమస్తిష్కం కావాలి, గుండె నెమ్మదించడానికి ఒంటిని శాంతపరిచే పారాసింపథెటిక్ నాడులు కావాలి. అనుమస్తిష్కం శరీర సమతాస్థితిని కాపాడుతుంది అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే అందరం, భుజం మీద పాప ఒదిగిపోవడాన్ని దీనితో కలిపి పాఠం చెప్పిన టీచరు ఉంటే ఆవిడకి నమస్కారం. మనిషి పిల్లల్లోనూ తల్లి లేచి నడవడం మొదలుపెట్టిన కొద్ది సెకన్లలోనే గుండె వేగం తగ్గింది. ప్రమాదంలో పిల్లని ఎత్తుకుని పారిపోయే తల్లికి, పిల్ల గింజుకోకపోవడం ఇద్దరికీ మేలు, అందుకే ఈ ఏర్పాటు మిగిలిందని వాళ్ళ ఊహ.

గంటకోసారి లేవడం దీనికి రెండో సగం. నిద్ర పల్చబడుతూ, గాఢమవుతూ చక్రాలుగా సాగుతుంది. పెద్దవాళ్ళకి ఒక నిద్ర చక్రం దాదాపు 90 నిమిషాలు, పసివాళ్ళకి 50, 60 నిమిషాలే. చక్రం చివర అందరికీ కాస్త మెలకువ వస్తుంది. 1970లలో అమెరికాలో థామస్ ఆండర్స్ పిల్లలు పడుకునే చోట రాత్రంతా వీడియో తీస్తే, "మావాడు తెల్లార్లూ కదలడండీ" అనిపించుకునే పిల్లలు కూడా లేచారు, కాకపోతే ఏడవకుండా మళ్ళీ పడుకున్నారు. భుజం మీద నిద్రపోయిన పాప ఆ మెలకువలో భుజం కోసమే వెతుక్కుంటుంది. కాబట్టి పగటి కునుకుల్లో ఒక్కదానికైనా మత్తుగా ఉండగానే పడుకోబెట్టి చూడండి, కుదరకపోతే వదిలేయండి. ఇంకో విషయం, పసివాళ్ళ నిద్రలో చాలా భాగం కనుగుడ్లు కదిలే చురుకైన నిద్ర, నవజాత శిశువుల్లో అది సగం దాకా ఉంటుంది. అందులో మూలుగుతారు, మొహం చిట్లిస్తారు, ఒక్కోసారి చిన్నగా ఏడుస్తారు కూడా. అది మెలకువ కాదు. చప్పుడు రాగానే ఎత్తుకుంటే నిద్రలో ఉన్న పిల్లని మనమే లేపినట్టు. అర నిమిషం ఆగి చూడండి.

ఆరో నెలకి రాత్రంతా పడుకోవాలి అని ఎవరైనా అంటే, 2018లో కెనడా పిల్లల మీద వచ్చిన పరిశోధన చెప్పండి. ఆరు నెలల వయసులో 38 శాతం మంది, ఏడాది నిండాక కూడా 28 శాతం మంది ఆరు గంటలు ఏకబిగిన పడుకోలేదు. వాళ్ళ ఎదుగుదలలో లోటేమీ కనపడలేదు.

లోటు పడేది తల్లికి. మన ఇళ్ళలో ఐదో నెలకి పుట్టింటి నుంచి వచ్చేసరికి ఎత్తుకునే చేతులు సగానికి సగం తగ్గిపోతాయి. ఆ నడక తల్లే నడవాలన్న నియమం లేదు, నాన్న భుజం కూడా భుజమే. ఒంటిగంట దాకా ఒకరు, ఆ తర్వాత ఒకరు అని పంచుకుంటే ఆవిడకి కనీసం నాలుగు గంటలు వరసగా నిద్ర దొరుకుతుంది. తల్లిపాలు ముందే పిండి ఉంచుకుంటే ఇంకా నయం.

ఆ ఎనిమిది నిమిషాలు కూర్చునేటప్పుడు మీకే కునుకు పట్టేలా ఉంటే సోఫాలో మాత్రం కూర్చోవద్దు. పిల్లని ఎత్తుకుని సోఫాలో నిద్రపోవడం చాలా ప్రమాదం, ఇంకొకరిని లేపి అందించండి. దించేది వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. చీర ఉయ్యాలలో ఊపినా రాత్రంతా అందులో వదిలేయకండి, మెడ ముందుకి వాలి ఊపిరికి అడ్డం పడవచ్చు. గురక, ఊపిరి ఆగి ఆగి తీసుకోవడం, జ్వరం, బరువు పెరగకపోవడం, వీటిలో ఏదున్నా ఈ నడకల సంగతి పక్కన పెట్టి డాక్టరుకి చూపించాలి.