ఉప్పు నిలవని పసివాళ్లు

బాల్టిమోర్ వైద్యుడు లాసన్ విల్కిన్స్ 1940లో, కర్ట్ రిక్టర్‌తో కలిసి, ఒక మూడున్నరేళ్ల పిల్లాడి సంగతి రాశాడు. వాడు బిస్కెట్ మీది ఉప్పంతా నాకేసి బిస్కెట్ పక్కన పడేసేవాడు. వాడికి మొదట్లో వచ్చిన కొద్ది మాటల్లో ‘ఉప్పు’ ఒకటి. ఈడు రాకుండానే యౌవన లక్షణాలు కనిపించడంతో ఆసుపత్రిలో చేర్చి, అందరికీ పెట్టే తిండే పెట్టారు. వారంలో పోయాడు. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లో లోపం ఉందని పోస్ట్‌మార్టంలో గానీ తెలియలేదు.

ఇప్పుడు దాన్ని సీఏహెచ్ (కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా) అంటున్నాం, పుట్టుకతో వచ్చే జబ్బు. 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ లోపించి ఒత్తిడిని తట్టుకునే హార్మోన్ కార్టిజోల్, లోపం తీవ్రంగా ఉంటే ఉప్పును నిలిపే హార్మోన్ ఆల్డోస్టెరాన్ కూడా తయారుకావు. అప్పుడు ఒంట్లోని సోడియం మూత్రంలో పోతుంది, పొటాషియం పేరుకుంటుంది. ఆ రెండు హార్మోన్లకు పనికిరావాల్సిన ముడిసరుకు మగ హార్మోన్ల వైపు మళ్లుతుంది. అందుకే ఆడపిల్లల్లో పుట్టగానే జననాంగాల తేడా కనిపించి అనుమానం వస్తుంది. మగపిల్లాడు మామూలుగానే ఉంటాడు, రెండో వారంలో వాంతులు, బరువు తగ్గడం, మగతతో వస్తాడు. విరేచనాలనో, జీర్ణాశయ ద్వారం మూసుకుందనో పొరబడతారు. ద్వారం మూసుకుంటే పొటాషియం తగ్గుతుంది, ఇక్కడ పెరుగుతుంది. ఆ ఒక్క అంకె చూస్తే చాలు, చూడకే ప్రాణాలు పోయాయి.

1950లో విల్కిన్సే కార్టిజోల్ లోటు తీర్చే కార్టిజోన్‌తో చికిత్స మొదలుపెట్టాడు. మందు ఉంది, గుర్తించేదెలా? 1977లో పాంగ్, మరియా న్యూ బృందం ఫిల్టర్ కాగితం మీద ఎండిన రక్తపు చుక్కలో 17-ఓహెచ్‌పీని (ఈ జబ్బులో పేరుకుపోయే ఆ ముడిసరుకును) కొలిచే పద్ధతి చూపించింది. మడమ నుంచి ఆ చుక్క 48 గంటల తర్వాతే తీయాలి. తొందరపడితే, నెలలు నిండకపోతే ఊరికే ఎక్కువ చూపిస్తుంది. హైదరాబాద్ సహా అయిదు నగరాల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్మార్) చేసిన పరీక్షల్లో సుమారు 5,762 మందిలో ఒకరికి ఇది తేలింది, చెన్నైలో 2,036లో ఒకరికి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి కాబట్టి మేనరికాలున్న మన ఇళ్లలో అవకాశం ఎక్కువ.

ఆ తర్వాతంతా కొలతే. కార్టిజోల్‌కి బదులిచ్చే హైడ్రోకార్టిజోన్ ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు రోజుకు 10–15 మి.గ్రా., మూడు పూటలుగా. పసిబిడ్డకు మొత్తం 2–3 మి.గ్రా. వస్తుంది. మాత్ర నలిపి చెంచాడు పాలల్లో అప్పటికప్పుడే పట్టాలి. సీసాలో కలిపి ఉంచితే అడుక్కి దిగి, ఒక పూట తక్కువ, ఒక పూట ఎక్కువ పడుతుంది. ఉప్పు పోయే రకమైతే ఆల్డోస్టెరాన్‌కి బదులిచ్చే ఫ్లుడ్రోకార్టిజోన్‌తోపాటు, తల్లిపాలల్లో సోడియం చాలదు కాబట్టి రోజుకు 1–2 గ్రాముల ఉప్పు కూడా. హైడ్రోకార్టిజోన్ దొరకలేదని డాక్టర్‌ని అడక్కుండా అంతకంటే చాలా ఘాటైన డెక్సామెథసోన్‌కి మారితే ఎదుగుదల కుంటుపడుతుంది.

జ్వరం 101 దాటితే హైడ్రోకార్టిజోన్ రెండు మూడింతలు చేయాలి. మందు కక్కేస్తే మళ్లీ పట్టాలి, అదీ కక్కితే కండరానికి హైడ్రోకార్టిజోన్ ఇంజక్షన్: మూడేళ్ల లోపు 25 మి.గ్రా., పన్నెండేళ్ల లోపు 50, ఆపైన 100. 100 మి.గ్రా. వయల్‌ని 2 మి.లీ. ఇంజక్షన్ నీటితో (స్టెరైల్ వాటర్) కలిపితే 25 అంటే అర మి.లీ. ఇది ఇంట్లోనే వేసి, ఆ తర్వాత ఆసుపత్రికి బయలుదేరాలి.