ఆటగాడు క్లబ్బు మారితే అభిమాని కోపం ఎవరి మీదికి పోతుంది?

2025 మే 11న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, ఆర్సెనల్ మ్యాచ్ రెండో అర్ధభాగంలో ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ సబ్‌స్టిట్యూట్‌గా మైదానంలోకి దిగినప్పుడు, సొంత జట్టు అభిమానుల్లోనే చాలామంది గేలి చేస్తూ అరిచారు. అతడు ఆ నగరంలోనే పుట్టి, ఆరేళ్ల వయసులో ఆ క్లబ్బు అకాడమీలో చేరి, ఒక ఛాంపియన్స్ లీగ్‌నూ రెండు లీగ్ టైటిళ్లనూ గెలిచినవాడు. జూన్‌తో ఒప్పందం ముగియగానే వెళ్లిపోతానని ఆరు రోజుల ముందు ప్రకటించాడు. చేసిన నేరమల్లా అదే. మే 25న సీజన్ ఆఖరి మ్యాచ్‌లో అదే స్టేడియం అతడికి చప్పట్లు కొట్టింది. రెండు వారాల తేడాతో ఒకే జనం ఒకే మనిషిని ఇలా రెండు రకాలుగా చూడటం వింతగా తోచవచ్చు గానీ, దాని వెనుక నూటముప్పై ఏళ్ల చరిత్ర ఉంది.

ఇష్టమైన ఆటగాడు వెళ్లిపోతే కలిగే బాధ వృత్తి ఫుట్‌బాల్ మొదలైన నాటినుంచీ ఉన్నదే. ఆ బాధ కోపమైనప్పుడు ఎవరి మీద విరుచుకుపడుతుందన్నదే కాలక్రమంలో మారుతూ వచ్చింది. మొదట క్లబ్బు డైరెక్టర్ల మీద, తరువాత మేనేజర్ల మీద, ఇప్పుడు ఎక్కువగా ఆటగాడి మీద. దీనికి కారణాన్ని అభిమానుల స్వభావంలో వెతకడం కన్నా ఒప్పందాల చట్టంలో వెతకడం మేలు. ఉండాలా, వెళ్లాలా అని తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే నింద కూడా వారి గుమ్మంలోకే వెళ్లి నిలుస్తుంది.

ఇంగ్లండ్‌లో 1885లో వృత్తి ఆటగాళ్లకు అనుమతి లభించింది, 1888లో ఫుట్‌బాల్ లీగ్ ఏర్పడింది. ధనిక క్లబ్బులు మంచి ఆటగాళ్లనందరినీ ఎగరేసుకుపోతాయన్న భయంతో 1893 నుంచి లీగ్ ఒక కట్టుబాటు తెచ్చింది. ఆటగాడి రిజిస్ట్రేషన్, అంటే లీగ్‌లో ఆడటానికి కావలసిన నమోదు, క్లబ్బు చేతిలో ఉంటుంది. ఒప్పంద కాలం ముగిసిపోయినా క్లబ్బు దాన్ని వదలకపోతే అతడు లీగ్‌లో మరెక్కడా ఆడటానికి వీల్లేదు. దీనికి తోడు 1901లో వారానికి 4 పౌండ్లు దాటకూడదంటూ జీతానికి గరిష్ఠ పరిమితి వచ్చింది. దాంతో ఆటగాడికి వెళ్లే హక్కూ లేదు, వెళ్లినా చట్టబద్ధంగా పెద్దగా దక్కేదీ లేదు. క్లబ్బులకు మాత్రం లాభం ఉండేది. 1905లో ఆల్ఫ్ కామన్‌ను సండర్‌లాండ్ నుంచి మిడిల్స్‌బ్రో 1,000 పౌండ్లకు కొనుక్కుంది. నాలుగంకెల బదిలీ రుసుము చెల్లించడం అదే మొదటిసారి.

ఆ కాలపు అభిమాని మనసు ఎలా ఉండేదో చెప్పడానికి న్యూకాజిల్ ఉదంతం చాలు. 1926-27లో హ్యూయీ గల్లాహర్ కెప్టెన్‌గా, 38 లీగ్ మ్యాచ్‌లలో 36 గోల్స్‌తో జట్టును ఛాంపియన్‌గా నిలిపాడు. 1930లో క్లబ్బు అతడిని 10,000 పౌండ్లకు చెల్సీకి అమ్మేసింది. కొత్త సీజన్ మొదట్లోనే, సెప్టెంబరు 3న, చెల్సీ జట్టు న్యూకాజిల్‌కు వచ్చింది. ఆ రోజు సెయింట్ జేమ్స్ పార్క్‌లోకి 68,386 మంది వచ్చారు. ఆ మైదానం చరిత్రలో అదే ఇప్పటికీ రికార్డు. గేట్లు మూసేయడంతో వేలాదిమంది బయటే ఉండిపోయారు. ప్రత్యర్థి జెర్సీలో ఉన్నా అంతమంది వచ్చింది గల్లాహర్‌ను చూడటానికే. అమ్మింది క్లబ్బే కాబట్టి అతడి మీద పగ పెట్టుకోవలసిన అవసరం వారికి కలగలేదు.

1938 ఫిబ్రవరిలో స్టోక్ సిటీలో స్టాన్లీ మాథ్యూస్ తనను వదిలిపెట్టమని కోరినప్పుడు అభిమానులు ఏకంగా బహిరంగ సభ పెట్టారు. హాలు లోపల దాదాపు మూడు వేలమంది, బయట మరో వెయ్యిమంది. మాథ్యూస్ ఆగిపోయాడు, 1947లో గానీ బ్లాక్‌పూల్‌కు వెళ్లలేదు. ఊరంతా ఒక్కటై ఆటగాడిని నిలబెట్టుకున్న ఘట్టంగా దీన్ని ముచ్చటగా చెప్పుకుంటారు. అయితే క్లబ్బు కాదంటే అతడికి వేరే దారి లేదన్న సంగతి ఆ ముచ్చటలో మరుగున పడిపోతుంది. టామ్ ఫిన్నీ కథ కూడా అలాంటిదే. 1952లో ఇటలీ క్లబ్బు పలెర్మో అతడికి 10,000 పౌండ్లు, ఇల్లు, కారు ఇస్తామంది. ఇంగ్లండ్‌లో అప్పటి గరిష్ఠ జీతం వారానికి 14 పౌండ్లు. ప్రెస్టన్ వదలలేదు. ఫిన్నీ 1960లో రిటైరయ్యేదాకా అక్కడే ఆడాడు. అతడికి ఆ ఊరి మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. కానీ పాతతరం ఆటగాళ్ల విధేయతను ఇప్పటివారితో పోల్చి మురిసిపోయేటప్పుడు, అందులో కొంత భాగం కాళ్లకున్న సంకెళ్లదేనని గుర్తుంచుకోవాలి.

ఆ సంకెళ్లు ఒక్కసారిగా తెగలేదు. ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడటంతో 1961 జనవరిలో జీతాల పరిమితి రద్దయింది. న్యూకాజిల్ తనను వదలకపోవడంతో ఆట మానేసి మరో ఉద్యోగం చూసుకున్న జార్జ్ ఈస్ట్‌హామ్ 1960 చివర్లో ఆర్సెనల్‌కు చేరినా కేసు మాత్రం వదలలేదు; ఒప్పందం ముగిశాక కూడా ఆటగాడిని పట్టి ఉంచడం వృత్తి స్వేచ్ఛకు అన్యాయంగా అడ్డుపడటమేనని 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ తీర్పు చెప్పారు. స్పెయిన్‌లో ఇలాంటి కట్టుబాటు 1979లో, ఇటలీలో 1981 నాటి చట్టంతో పోయాయి.

స్వేచ్ఛ పెరిగిన కొద్దీ అభిమాని వేలు ఆటగాడి వైపు తిరగడం మొదలైంది. 1977లో కెన్నీ డాల్‌గ్లిష్ స్కాట్లండ్ క్లబ్బు సెల్టిక్‌ను వదిలి 4,40,000 పౌండ్లకు లివర్‌పూల్ చేరాడు. మరుసటి ఏడాది సెల్టిక్ మాజీ మేనేజర్ జాక్ స్టీన్ గౌరవార్థం జరిగిన మ్యాచ్ కోసం తిరిగి వస్తే, తనను నెత్తిన పెట్టుకున్న స్టాండ్లే గేలి చేశాయి.

పాత కోపం ఎలా ఉండేదో చివరిసారిగా పెద్దఎత్తున కనిపించింది 1990 మేలో ఫ్లోరెన్స్‌లో. రాబర్టో బాజియోను ఫియోరెంటీనా యాజమాన్యం బద్ధశత్రువైన యువెంటస్‌కు అమ్మింది. అభిమానులు క్లబ్బు కార్యాలయాన్ని ముట్టడించారు, వీధుల్లో పోలీసులతో తలపడ్డారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. వారి దృష్టిలో దోషి యజమాని కుటుంబం. 1991 ఏప్రిల్‌లో యువెంటస్ ఆటగాడిగా ఫ్లోరెన్స్‌కు వచ్చిన బాజియో, జట్టుకు పెనాల్టీ దక్కినా తాను కొట్టనన్నాడు. కొట్టిన సహచరుడు గోల్ చేయలేకపోయాడు. తరువాత బాజియోను మార్చినప్పుడు, బయటికి నడుస్తూ, స్టాండ్ల నుంచి వచ్చి పడిన ఊదారంగు ఫియోరెంటీనా స్కార్ఫును వంగి తీసుకున్నాడు. అభిమానికీ ఆటగాడికీ మధ్య ఏ తగవూ లేదని అంత స్పష్టంగా చెప్పిన సందర్భం మరొకటి కనిపించదు.

1995 జనవరిలో న్యూకాజిల్ ఆండీ కోల్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు 60 లక్షల పౌండ్లతోపాటు కీత్ గిలెస్పీ అనే ఆటగాడిని కూడా తీసుకుని ఇచ్చేసింది. కోపంతో స్టేడియం ముందు చేరిన అభిమానులకు మేనేజర్ కెవిన్ కీగన్ స్వయంగా మెట్ల మీదికి వచ్చి ఎందుకు అమ్మానో చెప్పుకున్నాడు. నిర్ణయం తనదే కాబట్టి జవాబు కూడా తనదే అన్నట్టుగా నిలబడ్డాడు.

సరిగ్గా ఆ ఏడాది చివర్లో, డిసెంబరు 15న, యూరోపియన్ న్యాయస్థానం బోస్‌మన్ తీర్పు ఇచ్చింది. బెల్జియంలోని లియేజ్ క్లబ్బులో ఒప్పందం ముగిసినా ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కు వెళ్లలేకపోయిన ఒక మామూలు ఆటగాడు వేసిన కేసు అది. యూరోపియన్ యూనియన్ పరిధిలో ఒప్పందం ముగిసిన ఆటగాడికి పైసా రుసుము అడగకూడదని తేలింది. అభిమాని లెక్కలో దీని ఫలితం పెద్దది. అంతకుముందు ఆటగాడు పోతే డబ్బన్నా మిగిలేది, దాంతో మరొకరిని తెచ్చుకోవచ్చన్న ఊరట ఉండేది. ఇప్పుడు పోయినవాడు ఉత్తి చేతులు చూపించి పోతాడు. 2001లో టాటెన్‌హామ్ కెప్టెన్ సోల్ క్యాంప్‌బెల్ ఒప్పందం ముగించుకుని ఊళ్లోనే ఉన్న ప్రత్యర్థి ఆర్సెనల్‌కు ఉచితంగా వెళ్లడంలోని దెబ్బ అదే. నవంబరులో అతడు పాత మైదానానికి వచ్చేసరికి స్టాండ్లలో జూడాస్ (క్రీస్తును పట్టిచ్చిన శిష్యుడి పేరు) అని రాసిన బెలూన్లు ఎగిరాయి.

ఒప్పందం మధ్యలో వెళ్లడానికీ ఒక వాకిలి ఉంది. స్పెయిన్‌లో 1985 నాటి డిక్రీ ప్రకారం నిర్ణీత మొత్తం చెల్లించి ఆటగాడు బయటపడవచ్చు, క్లబ్బు అడ్డలేదు. 2000లో లూయిస్ ఫీగో దాదాపు 6 కోట్ల యూరోలకు బార్సిలోనా నుంచి దాని చిరకాల ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్‌కు చేరింది ఈ దారినే. 2002 నవంబరులో బార్సిలోనా మైదానంలో అతడు కార్నర్ తీసుకోబోతే స్టాండ్లలోంచి సీసాలూ, చివరికి పందితలా వచ్చి పడ్డాయి. ఈ నడవడిని బాధ అని సమర్థించడం నాకు కుదరదు. దాని మూలం మాత్రం అర్థం కానిది కాదు: ఈసారి అమ్మినవాడంటూ ఎవరూ లేరు, వెళ్లినవాడే ఉన్నాడు.

ఇదే కాలంలో అనుబంధం కూడా మనిషి చుట్టూ అల్లుకుంది. 1993-94 నుంచి ప్రీమియర్ లీగ్‌లో సీజనంతా ఒకే నంబరు, జెర్సీ వీపు మీద పేరు వచ్చాయి. డబ్బు పోసి కొన్న జెర్సీ మీద పేరున్న వ్యక్తి ఎదుటి జట్టులో చేరితే ఆ చొక్కా ఏం చేసుకోవాలన్న చిక్కు అంతకుముందు అభిమానులకు లేదు. 2011 జనవరిలో ఫెర్నాండో టోరెస్ లివర్‌పూల్ నుంచి చెల్సీకి వెళ్లినప్పుడు కొందరు ఆ చొక్కాలను తగలబెట్టారు. బదిలీలకు ఏడాదిలో రెండు గడువులే ఉండాలన్న ఫిఫా నిబంధన, ఒప్పందంలో చివరి ఆరు నెలల్లో ఆటగాడు ఇతర క్లబ్బులతో మాట్లాడుకోవచ్చన్న వెసులుబాటు కలిసి, ఎడబాటును ఒక్క రోజు వార్తగా కాక నెలల తరబడి అనుమానంగా సాగదీశాయి. అలెగ్జాండర్ ఆర్నాల్డ్ మీద ఆన్‌ఫీల్డ్‌లో వినిపించిన కేకలు ఆ ఆరు నెలల పులుపే.

అన్ని వీడ్కోళ్లూ ఈ మూసలో ఒదగవు. పదమూడేళ్ల వయసులో చేరిన లియోనెల్ మెస్సీ, 778 మ్యాచ్‌లలో 672 గోల్స్ తరువాత, 2021 ఆగస్టు 8న బార్సిలోనాలో మాట మొదలుపెట్టకముందే ఏడ్చేశాడు. ఏడాది కిందట వెళ్తానన్నది అతడే, క్లబ్బు ఆపింది. ఈసారి ఉంటానన్నా స్పెయిన్ లీగ్ లా లిగా జీతాల పరిమితి లోపల అతడిని నమోదు చేసుకోలేని స్థితిలో క్లబ్బు ఉంది. అప్పులు 135 కోట్ల యూరోలని అధ్యక్షుడు లపోర్టా వారం తరువాత వెల్లడించారు. అభిమాని కోపం తొంభై ఏళ్ల కిందటిలా మళ్లీ కార్యాలయం వైపే మళ్లింది, మాజీ పాలకవర్గం మీద పడింది.

2024 అక్టోబరులో ఫ్రాన్స్ మాజీ ఆటగాడు లస్సానా డియారా కేసులో యూరోపియన్ న్యాయస్థానం, ఒప్పందం మధ్యలో తెంచుకున్న ఆటగాడి మీదా అతడిని తీసుకున్న కొత్త క్లబ్బు మీదా భారం మోపే ఫిఫా నిబంధనల్లో కొన్ని చెల్లవని చెప్పింది. ఫిఫా తాత్కాలిక నిబంధనలు తెచ్చింది. క్లబ్బులు, లీగ్‌లు, ఆటగాళ్ల సంఘాలు ఈ చర్చలో వాదిస్తున్నాయి. అభిమానులకు అందులో కుర్చీ లేదు. ఉన్నా ఎంత ఒరుగుతుందో చెప్పలేం. బార్సిలోనా సభ్యులదే అయిన క్లబ్బు, 2021 మార్చిలో అధ్యక్షుడిని ఎన్నుకున్నది వారే. మెస్సీ వెళ్తున్నాడని ఆగస్టు 5న అందరిలాగే వారూ క్లబ్బు ప్రకటన చూసే తెలుసుకున్నారు.