పిల్లల చేతికి మ్యూజియం: అపోహలు - వాస్తవాలు

మా ఊరి మ్యూజియంలో పిల్లలు వస్తువుల్ని చేత్తో పట్టుకుని చూసే గది ఒకటుంది. అక్కడే నా ఉద్యోగం. బడుల నుంచి వచ్చే టీచర్లు, తల్లిదండ్రులు తరచూ అనే మాటలివి.

అపోహ: పిల్లలు ముట్టుకుంటే అన్నీ పాడైపోతాయి.

వాస్తవం: అద్దాల వెనకవి వేరు, బల్లమీదవి వేరు. శాతవాహనుల సీసపు నాణేలు చేతికివ్వం. చెమటలోని ఉప్పు లోహాన్ని తినేస్తుంది, పైగా సీసం విషం. బల్లమీద పెట్టేవి తిరగలి, కవ్వం, కొలపాత్రలు, ఎక్కడివో రాసిపెట్టని కుండపెంకులు. కుండను మాత్రం అంచు పట్టి ఎత్తనివ్వం. అడుగున ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి, బల్లకు జానెడు ఎత్తులోపే. ఈ గదిలో ఇప్పటిదాకా పిల్లలు పగలగొట్టింది ఒకటి. నేను పగలగొట్టినవి రెండు.

అపోహ: చరిత్రంటే రాజులు, యుద్ధాలు. ఇంటి సామాన్లో ఏముంది?

వాస్తవం: బియ్యం, సోల ఇచ్చి కుంచం నింపమంటాం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. అంటే పదహారుసార్లు పొయ్యాలి. నాలుగోసారికే గొడవ మొదలవుతుంది: "ఒరేయ్, అంచుదాకానేరా!" "కాదు, పైన గోపురం కట్టాలి!" కౌలు ధాన్యం కొలిచేచోట వాళ్ల ముత్తాతలు తగువులాడుకున్నదీ దీనిమీదే. ఆ తర్వాత రూపాయికి పదహారణాలని, 1957 ఏప్రిల్ 1 నుంచే వంద పైసల లెక్క వచ్చిందని చెబితే, "పదహారణాల తెలుగు" అంటే ఏంటో వాళ్లే చెప్పేస్తారు.

అపోహ: ఊరి బయట రాకాసి గుళ్లు రాక్షసులు కట్టినవి.

వాస్తవం: పెద్ద బండరాళ్లు నిలబెట్టి కట్టిన ఆ గుళ్లు ఇనుపయుగం నాటి సమాధులు. వాటిలో దొరికే కుండలు లోపల, అంచు దగ్గర నలుపు, అడుగున ఎరుపు. రంగు పూశారేమో అనుకుంటారు పిల్లలు. ఒకసారి కుమ్మరింటి పాప నాకన్నా ముందే చెప్పేసింది: "ఆవంలో బోర్లించి కాల్చుంటారు సార్, గాలాడనిచోట నల్లబడతది." నేను ఇక నోరు మూసుకున్నాను.

అపోహ: ఇంతదూరం వచ్చాం, అన్నీ చూపించేయాలి.

వాస్తవం: అరవై మందిని గంటలో గదులన్నీ తిప్పితే వాళ్లకు గుర్తుండేది బస్సే. నాలుగు వస్తువులు చాలు.

అపోహ: పొలంలో పాతది దొరికితే తీసుకొచ్చి ఇవ్వడమే మేలు.

వాస్తవం: చోటు తెలియని పెంకు సగం మూగది. ఇక నాణేలో నగలో అయితే, 1878 నిధుల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికినప్పుడు కలెక్టరుకు తెలియజేయాలి. కిందటేడు ఒక ఏడోతరగతి కుర్రాడు టిఫిన్ డబ్బాలో నలుపు-ఎరుపు పెంకు తెచ్చాడు, పులిహోర వాసనతో సహా. "ఎక్కడిదిరా?" అంటే, "చెరువుగట్టు తెగినచోట, చింతచెట్టు పక్కన" అన్నాడు. వాళ్ల మాస్టారితో కలిసి వెళ్లి చూస్తే మట్టిలోంచి ఇంకా పెంకులు కనిపించాయి. ఫొటోలు తీసుకుని, వాటిని ఉన్నచోటే వదిలేసి వచ్చాం. వాడి పెంకు చీటీమీద చింతచెట్టు కూడా రాశాం.