గబ్బిలం ఎవరి చుట్టం?

ఒరేయ్ పిల్లలూ, బాగున్నారా? వేసవి సెలవుల్లో ఆ రాత్రి కరెంటు పోయి హాల్లోకి గబ్బిలం దూరింది గుర్తుందా, చిన్నోడేమో మంచం కిందకెళ్ళిపోయాడు, మీ నానమ్మ అరిష్టం అరిష్టం అంటూ చీపురు అందుకుంది, నేను "ఆగవే, అది జాషువా గారి చుట్టం" అన్నా. అందరూ నవ్వారు గానీ ఆ జాషువా ఎవరని ఒక్కళ్ళూ అడగలేదు. మొన్న పెద్దది ఫోన్లో అడిగింది, అందుకే ఇది రాస్తున్నా.

గుర్రం జాషువా గారంటే పెద్ద కవి, 1895లో వినుకొండలో పుట్టారు, మన పల్నాడే. నాన్నది యాదవ కులం, అమ్మది మాదిగ కులం, ఇంట్లో క్రైస్తవం. మతం ఏదైతేనేం, ఊరికి మాత్రం ఆయన అంటరానివాడే. పైగా పురాణాల మీద పద్యాలు రాస్తున్నాడని అటు క్రైస్తవులకీ కోపం. పొట్టకూటికి రాజమండ్రిలో మూకీ సినిమాలకి కథ చెప్పే పని చేశారు, అప్పట్లో బొమ్మకి మాట ఉండదు కదా, పక్కన ఒక మనిషి కథ చెప్తుంటే జనం చూసేవాళ్ళన్నమాట. తర్వాత పంతులుగా కూడా చేశారు.

మా చిన్నప్పుడు ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజామున మూడయ్యేది, గోనెపట్టాల మీద పడి నిద్రపోతున్న మమ్మల్ని తట్టి లేపేవాళ్ళు. హార్మోనియం ఎత్తుకోగానే "ఇచ్చోటనే" అని రాగం తీసేవాడు చూడండి, వన్స్ మోర్ వన్స్ మోర్ అని ఒకటే గోల. ఆ పద్యాలు అసలు నాటకంలోవి కావురా, జాషువా గారివి, నటులు తెచ్చి అక్కడ పెట్టుకున్నారు. ముందు వరస కుర్చీల్లో పెద్దమనుషులు కూడా ఈలలేసేవాళ్ళు, మరి ఆ పద్యం రాసినాయన నడిచొస్తే లేచి కుర్చీ ఇచ్చేవాళ్ళా అంటే నాకైతే నమ్మకం లేదు.

ఎందుకంటే ఆయనే ఒక పద్యంలో చెప్పుకున్నారు, నా కవిత్వం చూసి భళీ భళీ అన్నవాడే మీది ఏ కులం అని అడిగి చివుక్కున లేచిపోతే బాకుతో పొడిచినట్టుంటుంది, చెప్పుకోడానికి సిగ్గేస్తుంది అని. ఆ "చివుక్కున" అన్న మాట చూడండి, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినపడుతుంది నాకు. అవార్డులు తర్వాత బోలెడు వచ్చాయి, 1964లో సాహిత్య అకాడమీ, 1970లో పద్మభూషణ్, 1971లో పోయారు. అవన్నీ పక్కన పెట్టినా చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారంతటి పండితుడు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం, అంటే గొప్ప కవులకి గౌరవంగా వేసే కడియం, తొడిగారు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. కాలికి తొడగాలంటే వంగాలి కదా.

ఇక గబ్బిలం సంగతి. కాళిదాసు కావ్యంలో యక్షుడు పెళ్ళాం దగ్గరికి మేఘాన్ని పంపిస్తాడు. 1941లో జాషువా గారు కూడా "గబ్బిలం" అనే కావ్యం రాసి ఒక కబురు పంపించారు, ఇక్కడ పంపేవాడు తంజావూరు వైపు ఉండే ఒక పేదవాడు, అంటరానివాడు, కబురు శివుడికి. హంసో చిలకో దొరకలేదా అంటే, ఇంత చీకటి గుడిసెలోకి అవి వస్తాయా ఎక్కడన్నా? రాత్రి దీపం దగ్గర తిరుగుతూ వచ్చింది గబ్బిలమే. ఇంకో సంగతేంటంటే అతన్ని గుడి గడప తొక్కనివ్వరు, దీన్ని ఆపేవాడు లేడు. అందుకే దాన్ని బతిమాలతాడు, నువ్వు గుళ్ళో వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది కదా, పూజారి లేని టైం చూసి నా కథ చెప్పమ్మా అని. స్కూల్లో మా మాస్టారు ఈ పద్యానికి ప్రతిపదార్థం బట్టీ పట్టించారు, పూజారి లేని టైమే ఎందుకు అన్నది మాత్రం చెప్పలేదు, మేమూ అడగలేదు.

సంక్రాంతికి వస్తారుగా, పాత శివాలయం మండపంలో టార్చి వేసి చూపిస్తా, గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. కంపు మామూలుగా ఉండదు, చేతిరుమాలు తెచ్చుకోండి.

మీ తాతయ్య