పాత బైకుకు కొత్త బ్యాటరీ: ముందు బండిని అడగండి

సెల్ఫ్ బటన్ నొక్కితే ఇంజిన్ తిరగదు. సీటు కింద నుంచి టకటకటకమని శబ్దం మాత్రం వస్తుంది. చాలామంది అక్కడే తేల్చేస్తారు: బ్యాటరీ పోయింది, కొత్తది వేయాలి.

నిజానికి ఆ శబ్దం స్టార్టర్ రిలేది, అంటే మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చిది. బ్యాటరీలో మిగిలిన కాస్త బలంతో రిలే మూసుకుంటుంది. మూసుకోగానే స్టార్టర్ మోటారు ఒక్కసారిగా పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు వోల్టేజీ పడిపోయి, రిలేని పట్టి ఉంచిన అయస్కాంతం పట్టు వదులుతుంది. మోటారు భారం తప్పగానే వోల్టేజీ లేస్తుంది, రిలే మళ్లీ మూసుకుంటుంది. ఒక్క సెకనులో ఇలా ఎన్నోసార్లు జరగడమే మనం వినే టకటక.

ఆ క్షణంలో మోటారుకు చాలినంత కరెంటు అందడం లేదని మాత్రమే ఆ శబ్దం చెబుతుంది. ఎందుకు అందడం లేదో చెప్పదు. టెర్మినల్ దగ్గర తెల్లగా పేరుకున్న పొడి వల్ల కూడా కావచ్చు. బ్యాటరీదే లోపమైతే అది వయసు మీరి పోయిందా, ఛార్జింగ్ సరిగా అందక చచ్చిందా, లేక అతిగా ఛార్జ్ అయి ఉడికిపోయిందా? ఈ మూడింటిలో ఏదో తెలియకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి పట్టవచ్చు. నాకు ఆ అనుభవం ఉంది. పాత బండిలో మంచి సీల్డ్ బ్యాటరీ వేస్తే అయిదు నెలల్లో పక్కలు ఉబ్బిపోయింది. అప్పుడు గానీ మీటరు పెట్టి చూడలేదు. ఇంజిన్ రేజ్ చేస్తే 15.6 వోల్టులు. వోల్టేజీని హద్దులో ఉంచాల్సిన రెగ్యులేటర్ ఎప్పుడో పోయింది. అంతకు ముందు బ్యాటరీని చంపిందీ అదే.

బైకులో ఉండే సీసపు బ్యాటరీ చాలా పాత ఆలోచన. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి, పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచాడు. ఖాళీ అయ్యాక మళ్లీ ఛార్జ్ చేసుకోగలిగిన మొదటి బ్యాటరీ అదే. 1881లో కామీ ఫోర్ సీసపు ఆక్సైడును ముద్దగా చేసి పలకలకు పట్టించే పద్ధతి కనిపెట్టాక అది బజారులోకి రాగల వస్తువైంది. ఇవాళ మన సీటు కింద ఉన్నదీ ప్రాథమికంగా అదే.

ఒక్కో గదిలో, అంటే సెల్‌లో, ఒక పలక సీసం, ఇంకొకటి సీసపు డయాక్సైడు. రెండింటి మధ్య పుట్టేది సుమారు 2.1 వోల్టులు. మూడు సెల్‌లు కలిపితే 6 వోల్టుల బ్యాటరీ, ఆరు కలిపితే 12 వోల్టులది. అందుకే పూర్తిగా ఛార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ నిజానికి 12.6 పైనే చూపిస్తుంది. కరెంటు వాడుకున్న కొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం నీళ్లగా మారుతుంది. ఛార్జ్ చేస్తే ఇదంతా వెనక్కి తిరుగుతుంది.

అప్పుడే పుట్టిన సల్ఫేటు పలుకులు చాలా చిన్నవి, సులువుగా కరుగుతాయి. బ్యాటరీని అలా ఖాళీగానే వారాల తరబడి వదిలేస్తే అవి ఒకదానితో ఒకటి చేరి పెద్దవై గట్టిపడతాయి, ఉప్పునీటిని నిదానంగా ఆరనిస్తే పెద్ద పలుకులు కట్టినట్టు. వాటిని మామూలు ఛార్జింగ్ కరిగించలేదు. పలకలో అంత భాగం ఇక పని చేయదు. ఛార్జింగ్ అందని బ్యాటరీ చచ్చే తీరు ఇది. అతిగా ఛార్జ్ అయితే ఇంకో తీరు. కరిగించడానికి సల్ఫేటు మిగలక, కరెంటు నీటినే హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది. నీటి మట్టం తగ్గి పలకలు బయటపడతాయి, లోపలి సీసపు జాలీ తినేసుకుపోతుంది.

కాబట్టి ముందు పాత బ్యాటరీని బయటి ఛార్జర్‌తో ఛార్జ్ చేయండి. దాని లేబుల్ మీది ఆంపియర్-అవర్ సంఖ్యలో, అంటే ఎంత కరెంటు ఎంతసేపు ఇవ్వగలదో చెప్పే అంకెలో, పదో వంతు కరెంటు చాలు: 5 అయితే అర ఆంపియర్. తర్వాత కొన్ని గంటలు కదపకుండా వదిలి కొలవండి. 12.6 లేదా ఆ పైన ఉంటే ఛార్జ్ పట్టింది. 12.2 అంటే సగమే ఉన్నట్టు. రాత్రంతా ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ మొత్తం పోయినట్టే, లెక్క సరిగ్గా 2.1 వోల్టులు తగ్గింది చూడండి. దానికి ఇక చికిత్స లేదు.

12.7 చూపించినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. వోల్టేజీ పలకలు దేనితో చేశారు, ఆమ్లం ఎంత గాఢంగా ఉంది అన్నవాటిని బట్టి ఉంటుంది గానీ ఎంత పలక మిగిలిందన్నదాన్ని బట్టి కాదు. ముప్పాతిక భాగం గట్టిపడిపోయిన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు మంచి అంకే చూపిస్తుంది. బరువు మోయిస్తేనే గుట్టు బయటపడుతుంది. సెల్ఫ్ నొక్కినప్పుడు వోల్టేజీ 9.6 కంటే కిందికి జారిపోతే కొత్తది కొనే సమయం వచ్చిందనే అర్థం. కిక్ మాత్రమే ఉన్న బండిలో హెడ్‌లైట్ వేసి కాసేపు చూసినా తెలిసిపోతుంది.

ఇప్పుడు బండి వంతు. ఛార్జ్ ఉన్న బ్యాటరీ పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి, సుమారు 4000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ టెర్మినళ్ల మీదే కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే బండి ఆరోగ్యంగా ఉంది. హెడ్‌లైట్ వేసినప్పుడు 13 కూడా దాటకపోతే బ్యాటరీకి ఏమీ మిగలడం లేదు. 15 దాటితే ఉడికిస్తోంది. ఆరు వోల్టుల బండికి ఈ అంకెలన్నీ సగం. తాళం తీసేశాక కూడా కరెంటు కారుతోందేమో చూడటం మర్చిపోవద్దు. పాత బండ్లలో గడియారం, అలారం లాంటివి ఉండవు కాబట్టి అది సున్నాకు దగ్గరగా ఉండాలి. కాయిల్ కరెంటును ఒకే దిశకు మార్చే రెక్టిఫయర్ పాతబడితే, అందులోని డయోడ్లు వెనక్కి కరెంటు కార్చడం మామూలే. 50 మిల్లీఆంపియర్లు చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, 5 ఆంపియర్-అవర్ బ్యాటరీని అది వంద గంటల్లో, అంటే నాలుగు రోజుల్లో ఖాళీ చేస్తుంది.

పాత బండి గురించి అన్నిటికంటే ముఖ్యమని నేను అనుకునే సంగతి దాని ఛార్జింగ్ ఏర్పాటులో ఉంది. మాగ్నెట్ తిరిగితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది, వేగం పెరిగితే అదీ పెరుగుతుంది. ఇవాళ్టి బండ్లలో దాన్ని అదుపు చేసేది ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్. 1960లలోని కొన్ని బ్రిటిష్ బైకుల్లో ఆ పని ఒక జెనర్ డయోడ్ చేసేది, ఎక్కువైన కరెంటును వేడిగా మార్చి గాలిలోకి వదిలేది. ఆనాటి చిన్న బండ్లలో చాలావాటికి అదీ లేదు. కాయిల్ ఇచ్చేదానికీ హెడ్‌లైట్ తినేదానికీ సరిపోయేలా లెక్క వేసి, మిగిలింది బ్యాటరీ మీదికి వదిలేవారు. అంటే బ్యాటరీయే రెగ్యులేటర్. ఎక్కువైన కరెంటు దానిలోని నీటిని కొద్దికొద్దిగా వాయువులుగా విడగొట్టేది, బండి యజమాని నెలకోసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు. నీళ్లు పోయాల్సి రావడం ఆ బ్యాటరీ లోపమని మనం అనుకుంటాం. ఆ ఏర్పాటును తయారుచేసినవాళ్లు నీటిని కూడా లెక్కలోకి తీసుకునే చేశారు. అలాంటి బండిని బ్యాటరీ లేకుండా నడిపితే బల్బులు మాడిపోయేది కూడా అందుకే.

ఇది అర్థమైతే ఏ రకం కొనాలన్న టెన్షన్ సగం తగ్గుతుంది. రెగ్యులేటర్ లేని బండికీ, వోల్టేజీ 15 వైపు పోయే బండికీ యాసిడ్ పోసే మామూలు బ్యాటరీయే నప్పుతుంది. పోయిన నీటిని తిరిగి పోసే వీలు దానికొక్కదానికే ఉంది. పని చేయని రెగ్యులేటర్ ఉంటే మాత్రం ముందు దాన్ని మార్చాలి.

సీల్డ్ బ్యాటరీలు ఇవాళ ఎక్కువగా ఏజీఎం రకం. అందులో ఆమ్లం పారాడదు, పలకల మధ్య ఉన్న సన్నని గాజుపీచు పరుపు దాన్ని పీల్చుకుని ఉంటుంది. ఛార్జింగ్‌లో ప్లస్ పలక దగ్గర పుట్టిన ఆక్సిజన్ ఆ పరుపులోని సందుల గుండా మైనస్ పలకను చేరి మళ్లీ నీరవుతుంది. ఎంత అందమైన ఏర్పాటో! కానీ దానికి ఓపిక ఉండాలి, అంటే వాయువు నిదానంగా పుట్టాలి. వోల్టేజీ హద్దు దాటితే ఒత్తిడి పెరిగి లోపలి వాల్వ్ తెరుచుకుంటుంది, పోయిన నీరు పోయినట్టే. రెగ్యులేటర్ బాగున్న బండికి నేను ఏజీఎంకే ఓటేస్తాను. కుదుపులకు తట్టుకుంటుంది, ఒలకదు, వాడకుండా ఉంచినా ఛార్జ్ నిదానంగానే తగ్గుతుంది. జెల్ బ్యాటరీ వేరు, అందులో సిలికా కలిపి ఆమ్లాన్ని గడ్డకట్టిస్తారు. సీల్డ్ అన్నదాన్నల్లా జెల్ అనేయడం మామూలు కాబట్టి, పేరు కాకుండా లేబుల్ చదవాలి.

లిథియం సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. బైకుల్లో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఆ పదార్థాన్ని 1990లలో వెలుగులోకి తెచ్చింది జాన్ గుడెనఫ్ బృందం. లిథియం బ్యాటరీల మీద పరిశోధనకు ఆయన 2019లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. సీసంతో పోలిస్తే బరువు మూడో వంతు కూడా ఉండదు. కానీ ఒక్కో సెల్ సుమారు 3.65 వోల్టులు దాటకూడదు, నాలుగు సెల్‌లకు 14.6. పాత బండి ఈ హద్దు పాటిస్తుందని నమ్మకం లేదు. హద్దు దాటినప్పుడు లోపలి రక్షణ సర్క్యూట్ బ్యాటరీని విడదీస్తే, పరుగులో ఉన్న బండి ఒక్కసారిగా బ్యాటరీ లేని బండవుతుంది, ఆ వోల్టేజీ బల్బుల మీద పడుతుంది. లేబుల్ మీది ఆంపియర్-అవర్ కూడా చాలాసార్లు సీసంతో పోల్చి వేసిన అంకె, అసలు సామర్థ్యం అంతకంటే బాగా తక్కువ. రెగ్యులేటర్ కొత్తది వేసి, కొలిచి, నిర్ధారించుకున్న బండికైతే వేసుకోవచ్చు.

రకం తేలాక అంకెలు. పాత పద్ధతి కోడ్ నిజాయితీగా ఉంటుంది: 12ఎన్5-3బి అంటే 12 వోల్టులు, 5 ఆంపియర్-అవర్, చివరిది టెర్మినళ్లు, గాలి గొట్టం ఎటు ఉంటాయో చెప్పే గుర్తు. వైబీ14ఎల్-ఏ2లోనూ 14 అంటే 14 ఆంపియర్-అవరే. సీల్డ్ రకాల్లో ఈ లెక్క పనికిరాదు. వైటీఎక్స్9-బీఎస్ 8 ఆంపియర్-అవర్, వైటీఎక్స్12-బీఎస్ 10. కోడ్‌లోని అంకెను సామర్థ్యమనుకుని పోల్చి మోసపోకండి. ఈ సామర్థ్యాన్ని సాధారణంగా పది గంటల లెక్కన కొలుస్తారు: 7 ఆంపియర్-అవర్ అంటే పది గంటల పాటు 0.7 ఆంపియర్. వేగంగా లాగితే అంత కూడా రాదు. సెల్ఫ్ ఉన్న బండికి ఇంకో అంకె ముఖ్యం, సీసీఏ. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు, వోల్టేజీ 7.2 కంటే పడకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అది చెబుతుంది. కిక్ బండికి దాని గొడవే లేదు.

ఒక సైజు పెద్దది వేస్తే మేలు కదా అని అడుగుతుంటారు. డబ్బాలో పడితే నష్టం లేదు, లాభం కూడా అనుకున్నంత ఉండదు. బ్యాటరీ తొట్టి లాంటిది. నీళ్లు వచ్చే బావి కాయిల్. తొట్టి పెంచినంత మాత్రాన బావి ఊరదు.

డబ్బా కొలతలు మిల్లీమీటర్లలో కొలుచుకోండి, ఎత్తు కూడా. సీటు అడుగు రేకు టెర్మినల్‌కు తగిలితే నిప్పురవ్వలే. ప్లస్ ఏ పక్క ఉందో చూడండి, తీగ సాగదీసి బిగించే పరిస్థితి రాకూడదు. 1970లకు ముందు బ్రిటిష్ బండి అయితే ఇంకో ప్రశ్న: ఎర్త్ ఏది? వాటిలో చాలావాటికి ఫ్రేముకు కలిపేది ప్లస్. అలవాటుగా మైనస్ కలిపితే రెక్టిఫయర్ డయోడ్ల గుండా కరెంటుకు అడ్డులేని దారి దొరికి అవి క్షణంలో కాలిపోతాయి. యాసిడ్ రకానికి గాలి గొట్టం మడత పడకుండా, చెయిన్‌కు, ఫ్రేముకు దూరంగా కిందికి వదలాలి. దాన్ని మూసేస్తే వాయువు పోవడానికి దారి ఉండదు.

యాసిడ్ విడిగా వచ్చే బ్యాటరీ కొంటే పోసిన వెంటనే బండికి బిగించకండి. అరగంట నాననిచ్చి, పదో వంతు కరెంటుతో నిండా ఛార్జ్ చేయాలి. ఈ మొదటి ఛార్జ్ సగంలో వదిలేస్తే బ్యాటరీ తన పూర్తి సామర్థ్యానికి తర్వాతెప్పుడూ చేరకపోవచ్చు. కంగారులో మనం ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ పనే. తర్వాత మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, యాసిడ్ కాదు, ఎందుకంటే పోయింది నీరే. సీల్డ్ రకం కొంటే తయారీ తేదీ చూసి, 12.5 కంటే తక్కువ చూపిస్తే దాన్నీ ముందు ఛార్జ్ చేయండి. పాతదాన్ని చెత్తలో వేయొద్దు. అందులోని సీసం విషం. తిరిగి తీసుకునేవాళ్లకు ఇస్తే దాన్ని కరిగించి కొత్త పలకలుగా పోస్తారు.

అంతా బిగించాక మళ్లీ ఒకసారి 4000 దగ్గర కొలిచి, ఆ అంకెనూ తేదీనీ చిన్న కాగితం మీద రాసి సైడ్ కవర్ లోపల అంటించండి. ఆరు నెలలకు అదే వేగం దగ్గర మళ్లీ కొలిచినప్పుడు అంకె మారి ఉంటే, విప్పి చూడాల్సింది రెగ్యులేటర్, దాని తీగలు.