అవుట్‌బ్యాక్‌లో క్యాంపర్‌వ్యాన్ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియా నడిమధ్యలో, జనం పలచగా ఉండే ఎండు ప్రాంతమైన అవుట్‌బ్యాక్‌లో ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊరుంది. అక్కడ క్యాంపర్‌వ్యాన్లు (పడక, వంట వసతి ఉన్న బండ్లు) అద్దెకిచ్చే చోట పనిచేస్తున్నాను. బండిలో ఏది ఎలా వాడాలో చూపించి తాళాలు చేతికివ్వడం నా పని. సిడ్నీ, మెల్‌బోర్న్‌ల నుంచి మన తెలుగు కుటుంబాలూ వస్తుంటాయి. వాళ్ళ నోట తరచుగా వినే మాటలివి.

అపోహ: ఆలిస్‌లో దిగితే ఉలూరు (అందరూ చూడాలనుకునే పెద్ద ఎర్రరాతి కొండ) పక్కనే.

వాస్తవం: రోడ్డు మీద దాదాపు 450 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి నెల్లూరు వెళ్ళినంత. దారిలో ఊళ్ళు రావు, ఎర్ల్‌డండా, కర్టిన్ స్ప్రింగ్స్ లాంటి రోడ్‌హౌస్‌లే (పెట్రోలు, తిండి, బస దొరికే చోట్లు) దిక్కు. కర్టిన్ స్ప్రింగ్స్‌కు ముందు ఎడమవైపు బల్లపరుపు శిఖరంతో ఓ పెద్ద కొండ కనిపిస్తుంది. అదే ఉలూరు అనుకుని చాలామంది దిగి ఫొటోలు తీసేసుకుంటారు. అది మౌంట్ కానర్. అసలు ఉలూరుకు ఇంకా వంద కిలోమీటర్ల పైనే ఉంది. అన్నట్టు, ఉలూరు ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి నిషేధం.

అపోహ: ఎండకి భయపడి పగలెందుకు, రాత్రి చల్లగా నడుపుకోవచ్చు.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టే మాట ఇదే. ఇంటి దగ్గర రాత్రి ప్రయాణాలు మనకు అలవాటు. ఇక్కడ మాత్రం సందె వేళకే కంగారూలు రోడ్డు మీదికొస్తాయి. చాలాచోట్ల కంచె ఉండదు, పశువులు తారు మీదే నిలబడి ఉంటాయి. చీకట్లో నల్ల ఆవు లైటు పడేదాకా కనిపించదు. ఎదురుగా 53.5 మీటర్ల పొడవు దాకా ఉండే రోడ్ ట్రెయిన్లు, అంటే వరసగా ట్రెయిలర్లు తగిలించిన లారీలు. అందుకే చాలా అద్దె అగ్రిమెంట్లలో ఊరి బయట రాత్రి డ్రైవింగ్ నిషిద్ధం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు. ఇక్కడ చలికాలమైన జూన్, జూలైలలో ఆరింటి ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది. నాలుగింటికల్లా మజిలీ చేరేలా చూసుకోండి. జంతువు అడ్డొస్తే స్టీరింగ్ తిప్పకండి, నేరుగా బ్రేక్ వేయండి.

అపోహ: బండిలో ఏసీ, మైక్రోవేవ్ ఉన్నాయి, ఎక్కడ ఆపినా ఇల్లే.

వాస్తవం: మా దగ్గరి బండ్లలో వెనక ఏసీ, మైక్రోవేవ్ నడవాలంటే కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంప్‌సైట్‌లో వైరు పెట్టాలి. రైస్ కుక్కర్, మిక్సీ కూడా అంతే. రెండో బ్యాటరీ మీద నడిచేవి ఫ్రిజ్, లైట్లు, నీళ్ళ పంపు. రోడ్డు పక్క రెస్ట్ ఏరియాలో ఆగితే గ్యాస్ పొయ్యే గతి, వండేటప్పుడు కిటికీ, పైకప్పు వెంట్ తెరవాలి. చలికాలం ఇక్కడ రాత్రి సున్నా కంటే కిందికి కూడా పోతుంది. వెచ్చదనం కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. మందపాటి దుప్పట్లు అడిగి తీసుకోండి.

అపోహ: మ్యాప్‌లో దగ్గర దారి కనిపిస్తోంది, అటే పోదాం.

వాస్తవం: కింగ్స్ క్యానియన్‌కు ఎర్నెస్ట్ గైల్స్ రోడ్డు దగ్గరే, కానీ మట్టిదారి. మామూలు క్యాంపర్‌వ్యాన్ వెళ్ళకూడదు. తారు దారి పొడవైనా అదే మీది. దక్షిణంగా అడిలైడ్ వైపు వెళ్తే కూబర్ పీడీ, గ్లెండాంబోల మధ్య సుమారు 250 కిలోమీటర్లు బంకు లేదు, ట్యాంకు నింపకుండా కదలొద్దు.

అపోహ: పాములతోనే ప్రమాదం.

వాస్తవం: చలికాలంలో అవి కనిపించడమే తక్కువ.

అపోహ: బండి ఆగిపోతే నడిచెళ్ళి సాయం తెచ్చుకోవచ్చు.

వాస్తవం: బండి వదిలి వెళ్ళొద్దు. వెతికేవాళ్ళకు మనిషి కంటే బండి త్వరగా కనిపిస్తుంది, నీడా అక్కడే ఉంది. బండిలో వాడుకునే నీళ్ళ ట్యాంకు కాకుండా తాగడానికి తలా రోజుకు కనీసం ఐదు లీటర్లు వేసుకోండి. ఊళ్ళు దాటాక చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి పర్సనల్ లొకేటర్ బీకన్ వెంట ఉంచండి. ప్రాణాపాయంలో దాన్ని ఆన్ చేస్తే శాటిలైట్ ద్వారా కబురు అందుతుంది. బీకన్ మీ సొంతదైతే బయల్దేరే ముందే ఉచితంగా రిజిస్టర్ చేయండి.